డాలర్లు కాదండి, చిల్లిగవ్వలే

సంపాదకులు గారికి నమస్కారమండి.

మా తమ్ముడు మీ పేపర్లో ఉత్తరాల పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, అది నాకు చేరడానికి పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే నేనుండే చోట సిగ్నల్ కావాలంటే మోటారు పడవెక్కి గంటన్నర వెళ్లాలి, వెళ్లినా ఆ రోజు టవరు పనిచేస్తేనే. అందులో ఒక పెద్దాయన రాశారు, ఒకప్పుడు తెల్లదొరలు మన దేశం వచ్చి మతాలు మార్చారు, ఇప్పుడు మన కుర్రాళ్లు డాలర్ల కోసం ఫాదర్ల వేషం కట్టి ఫారిన్ పోతున్నారు, అక్కడ ఏసీ రూముల్లో కూర్చుని సేవ అంటారు అని. నాకు కోపం రాలేదండి. నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది, ఎందుకంటే అది చదువుతున్నప్పుడు నా కాళ్లు రెండూ దోమలకి భయపడి గోనెసంచిలో పెట్టుకుని ఉన్నాను.

నేను ఆర్సీఎం, అంటే రోమన్ కతోలిక ఫాదర్నండి, చిన్న ఫాదర్ని, వయసు 28. మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. ఇక్కడికొచ్చి ఇది ఏడో వారం. ఇక్కడ అంటే పాపువా న్యూ గినీ, ఈస్ట్ సెపిక్ అనే ప్రాంతం. ఈ పేరు చెప్పగానే మా ఊళ్లో సగం మంది ఆఫ్రికా అనుకున్నారు, మిగతా సగం మంది ఫారినే కదా అని ఊరుకున్నారు. ఆస్ట్రేలియాకి ఉత్తరం పక్కన ఉండే దేశమండి. 1975 సెప్టెంబరు 16న ఆస్ట్రేలియా నుంచి స్వతంత్రం వచ్చింది. దేశం మొత్తం జనాభా కోటి అటూ ఇటూ, భాషలు మాత్రం 800 పైన. మళ్లీ చదవండి, ఎనిమిది వందల పైనే.

ముందు ఆ డాలర్ల సంగతి తేల్చేద్దాం. ఇక్కడ డబ్బుని కినా అంటారు. ఒక కినా మన డబ్బులో 20 రూపాయల పైచిలుకు. కినా అంటే అసలు అర్థం ముత్యపు చిప్ప, పూర్వం వీళ్లు చిప్పలతోనే బేరాలు చేసుకునేవాళ్లు, ఆ పేరే డబ్బుకి పెట్టుకున్నారు. ఒక కినా నాణేనికి మధ్యలో చిల్లు ఉంటుంది. అంటే ఏమైందండీ, చిప్ప, దానికో చిల్లు. మన భాషలో దాన్ని చిల్లిగవ్వ అంటాం. అమ్మ ఫోన్లో ఏమైనా మిగులుతుందా నాన్నా అనడిగితే అదే చెప్పాను, చిల్లిగవ్వలే అమ్మా అని, తను జోకనుకుంది.

బయల్దేరేటప్పుడు మా ఊరి వాళ్లంతా చందా వేసుకుని ఉలెన్ స్వెట్టరు కొనిచ్చారు, ఫారిన్ కదా చలేస్తుందని. నేనూ కళ్లు మూసుకుని సూట్‌కేసులో పెట్టుకున్నాను. వేవాక్ అని ఇక్కడి టౌను, సముద్రం ఒడ్డున, భూమధ్యరేఖకి మూడున్నర డిగ్రీలు కింద. విమానం మెట్లు దిగుతుంటే కాకినాడలో రోహిణీ కార్తె గాలి ఎలా కొడుతుందో అలా కొట్టింది, దానికి తోడు చెమ్మ. ఆ స్వెట్టరు ఇప్పుడు తలగడ అయింది. అమ్మ పెట్టిన ఆవకాయ మాత్రం దారిలో ఒక ఎయిర్‌పోర్టులో తీసేసుకున్నారు, రూలు రూలే, వాళ్లని ఏమనను, కానీ ఆ డబ్బా చెత్తబుట్టలో పడ్డ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

వేవాక్ నుంచి లారీ మీద అంగోరాం. ఇక్కడ బస్సులన్నా లారీలన్నా అన్నిటినీ పీఎంవీ అంటారు, మా లారీలో మనుషులు, బియ్యం బస్తాలు, కిరోసిన్ డబ్బాలు, రెండు పందులు, నేను. అక్కడ్నుంచి సెపిక్ నది మీద మోటారు పడవ. నేను గోదారి నీళ్లు తాగి పెరిగినోణ్ణి, నది చూసి నోరెళ్లబెట్టే రకం కాదు, పొడవు చూసుకున్నా గోదారి 1,465 కిలోమీటర్లు, సెపిక్ 1,126, మనదే పెద్దది. కానీ ఈ నదికి గట్లు లేవండి. ఆనకట్ట లేదు, రేవు లేదు, మెట్లు లేవు. ఎక్కడ నది అయిపోయి ఎక్కడ అడివి మొదలవుతుందో తెలీదు, ఇళ్లన్నీ పొడుగాటి గుంజల మీద, వాన పడితే కింద నీళ్లు, వాన తగ్గితే కింద బురద. మొసలిని పుక్‌పుక్ అంటారు. పేరు ముద్దుగానే ఉంటుంది.

ఇంక అందరూ అడిగే ప్రశ్న, ఎంతమందిని మార్చావు అని. ఇష్టంగా అడిగేవాళ్లూ అదే, ఎగతాళిగా అడిగేవాళ్లూ అదే. మార్చడానికి ఎవరున్నారండి ఇక్కడ. దేశంలో నూటికి తొంభై అయిదు మందికి పైగా క్రైస్తవులమనే చెప్పుకుంటారు. జర్మనీ ఫాదర్లు 1896లోనే ఐటాపే దగ్గర తుమ్లెయో అనే చిన్న దీవిలో దిగారు, ఆ తర్వాత మిషన్ ఈ ఒడ్డంతా పాకింది. పీటర్ తొ రోట్ అని వీళ్ల ఉపదేశి ఒకాయన, ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు ఊళ్లో ప్రార్థన నడిపించే మనిషి, పెళ్లయి పిల్లలున్న మామూలు మనిషి, జపాన్ వాళ్ల ఆక్రమణలో 1945లో జైల్లో చంపేస్తే ఆయన్ని 2025 అక్టోబరు 19న రోములో పునీతుడిగా ప్రకటించారు, ఈ దేశానికి మొదటి పునీతుడు ఆయనే. మా ఉపదేశి ఇంట్లో ఆయన ఫోటో ఉంది, తడికి ఉబ్బిపోయిన ఫోటో. కాబట్టి నేను వీళ్లకి కొత్తగా దేవుణ్ణి తీసుకొచ్చిందేమీ లేదు. ఊళ్లు దూరం, ఫాదర్లు తక్కువ, కొన్ని ఊళ్లకి నెలల తరబడి పూజ ఉండదు, అందుకు వచ్చాను. మా ఏలూరులోనే 1984లో ఇలా పైదేశాలకి ఫాదర్లని పంపడానికి ఒక సభ, అంటే ఫాదర్ల సంఘం, పుట్టింది, అలాంటి సభలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కేరళ సిస్టర్లు అయితే ఎక్కడ చూసినా ఉంటారు, చంద్రుడి మీదకెళ్లినా మలయాళీ టీకొట్టు ఉంటుందనే జోకు మీకు తెలుసు కదా, అది నిజం.

అసలు కష్టం మాటండి. సెమినరీలో పదకొండేళ్లు చదివాను, తత్వశాస్త్రం, వేదాంతం, కొంచెం లాటిన్ కూడా. కానీ పంపించే ముందు అక్కడ ఏ భాష మాట్లాడతారో ఒక్కరూ చెప్పలేదు, ఇంగ్లీషే, మేనేజ్ అయిపోతుంది అన్నారు. ఇక్కడ జనం మాట్లాడేది టోక్ పిసిన్. చెవికి ఇంగ్లీషులాగే తగులుతుంది, అదే దాని మోసం. చదువుకున్నోడు తొందరగా పడతాడు గోతిలో. మొదటి వారమే ఒకావిడ ఏడుస్తూ వచ్చి మా ఆయన నన్ను కిలిమ్ చేశాడు అంది. నేను బిక్కచచ్చిపోయాను, చంపితే ఈవిడ ఎలా నిలబడి మాట్లాడుతోంది, మనసుని చంపాడని కవిత్వంగా చెబుతోందేమో అని నాకు తోచిన ఓదార్పు చెప్పాను. కిలిమ్ అంటే కొట్టడం అంతే. నిజంగా చంపితే కిలిమ్ ఇ దాయ్ అనాలి. ఆవిడ వీపు మీద వాత చూపించాలని వచ్చింది, నేను ఆత్మ గురించి చెప్పి పంపించాను. రాత్రి ఉపదేశి అసలు సంగతి చెప్పాక నిద్ర పట్టలేదు. తెల్లారాక ఇద్దరం వాళ్లింటికెళ్లాం, అది వేరే కథ, పేపర్లో రాసేది కాదు.

నవ్వుకునేవి కూడా ఉన్నాయి. టీ ఇస్తూ ఒక పెద్దావిడ సుసు వెయ్యనా అనడిగింది. మన ఇళ్లల్లో చిన్నపిల్లల్ని సుసు వస్తోందా అని ఎందుకు అడుగుతామో మీకు తెలుసు కదండీ. నేను గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేశాను. సుసు అంటే పాలు, తల్లిపాలకీ అదే మాట, పాలపొడికీ అదే మాట. నాలుగు రోజులు నల్ల టీ తాగాక గానీ తెలియలేదు. చర్చిని హౌస్ లోటు అంటారు, లోటు అంటే ప్రార్థన. లోటుకి వెళ్దాం, లోటు బాగా జరిగింది, ఈ ఆదివారం లోటు లేదు. ఈ మాటలు మా నాన్నకి వినిపిస్తే లోటు లేకపోతే మంచిదే కదరా అన్నాడు.

కోపమొస్తే బెల్ హాట్, అంటే కడుపు వేడెక్కింది. దిగులు పడితే బెల్ హెవీ, కడుపు బరువెక్కింది. శాంతిగా ఉంటే బెల్ ఈజీ. ఇంగ్లీషువాడికి ఇదంతా వింతగా ఉంటుందేమో, నాకెందుకు వింత, కడుపు మండిపోయింది అనే మనిషి కడుపునే పుట్టాను, కడుపు తరుక్కుపోయింది, కడుపు చల్లగా ఉండాలి, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి, ఇవన్నీ మా నాయనమ్మ నోట్లో రోజూ దొర్లేవి. మారుమనసు అని మన బైబిల్లో ఉంటుందే, దాన్ని వీళ్లు తనిమ్ బెల్ అంటారు, కడుపు తిప్పుకోవడం. మొదటిసారి విన్నప్పుడు వాంతి అనుకున్నా, తర్వాత ఆలోచిస్తే మనసు కన్నా కడుపే నమ్మకమైన చోటు అనిపించింది.

నాలుగో వారం మలేరియా వచ్చింది. సాయంత్రం ఆరింటికి మొదలైంది వణుకు, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, అప్పుడు పనికొచ్చిందండి ఆ స్వెట్టరు. మిషన్ ఆస్పత్రి నర్సమ్మ వేలు పొడిచి చీటీ మీద రక్తం చుక్క వేసి చూసి మాత్రలిచ్చింది, పూటకి నాలుగు, మూడు రోజుల్లో ఆరు డోసులు, మొత్తం 24. ఆ మూడు రోజులూ నా మంచం పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. మాటల్లేవు, వాళ్లు చెబితే నాకు అర్థం కాదు, నేను చెప్పాలంటే నాకు రాదు, ఊరికే కూర్చుని దోమలు తోలుతూ ఉన్నారు. ఒక ముసలాయన రాత్రంతా కూర్చున్నాడు, జ్వరం తగ్గాక ఆయనే చెప్పాడు, యుద్ధంలో జపాన్ వాళ్లు ఇండియా సైనికుల్ని ఖైదీలుగా ఇక్కడికి తెచ్చి పని చేయించారని, నీలాంటి మొహాలే, ఎముకలు తేలిపోయి ఉండేవాళ్లని మా నాన్న చెప్పేవాడు అని. సింగపూర్లో పట్టుబడిన మన జవాన్లని 1943లో ఓడల్లో వేవాక్ వైపు తీసుకొచ్చిన మాట చరిత్రలో ఉంది, చాలామంది తిరిగి వెళ్లలేదు. ఆ ముసలాయన నాన్న దొంగచాటుగా వాళ్లకి సక్‌సక్ అనే ఇక్కడి తిండి ఇచ్చేవాడట. జపాన్ జనరల్ అదాచీ 1945 సెప్టెంబరు 13న వేవాక్ పక్కన కేప్ వోమ్‌లో లొంగిపోయాడు. మన పుస్తకాల్లో ఈ ఊరి పేరు నేనెప్పుడూ చూడలేదు. అడివిలో ఒక కుటుంబం మాత్రం మనవాళ్ల ఆకలిని రెండు తరాలు గుర్తుపెట్టుకుంది.

సక్‌సక్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అది ఇక్కడి అన్నం. సాగో అని తాటి లాంటి చెట్టుంటుంది, దాన్ని పడగొట్టి మాను చీల్చి లోపలి గుజ్జుని గొడ్డలి లాంటి దాంతో కొట్టి కొట్టి పొట్టు చేస్తారు, ఆ పొట్టుని మట్టల తొట్టిలో వేసి నీళ్లు పోసి పిసుకుతారు, పీచులోంచి పాలనీళ్లు కిందకి దిగుతాయి, గంటలు ఆగితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. మొదటిసారి ఆ చోటికి తీసుకెళ్లినప్పుడు దూరం నుంచే ఒక వాసన తగిలింది, పులిసిన పిండి వాసన, నా కాళ్లు ఆగిపోయాయి. అది మా నాన్న చొక్కా వాసనండి. మా నాన్న సగ్గుబియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లు చేశాడు. మా పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం దుంపల్ని మరాడించి తొట్లలో పిండి దింపి గుడ్డల్లో ఊపి గుండ్లు చేసి పెనాల మీద వేయిస్తారు, మీరు పాయసంలో వేసుకునేది అదే. అసలు సగ్గు అనే మాట ఈ సాగో చెట్టుదే, మన దగ్గర ఆ చెట్టు లేదు కాబట్టి పెండలంతో చేసుకుంటున్నాం. అంటే మా నాన్న ఇన్నేళ్లు నకలు చేస్తే నేను అసలు దగ్గరికి వచ్చానన్నమాట. ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత, పిండి ఎన్ని నీళ్లకి దిగుతోందో అడగరా అన్నాడు.

తినడం మాత్రం ఇంకో సంగతి. వేడినీళ్లు పోసి రెండు పుల్లలతో తిప్పితే జిగురు ముద్దవుతుంది, మైదా బంక తెలుసు కదా, పోస్టర్లు అంటించేది, అచ్చం అదే. నమిలితే రాదు, మింగాలి. మొదటి ముద్ద గొంతులో సగం దిగి ఆగిపోయింది, పైకి రాదు కిందకి పోదు, పిల్లలంతా చుట్టూ చేరి కళ్లార్పకుండా చూస్తున్నారు, ఫాదర్ బతుకుతాడా లేదా అని. ఇప్పుడు రెండు ముద్దలు తింటున్నాను. వక్కల విషయంలో కూడా ఇదే, బుఆయ్ అంటారు, పచ్చి వక్కకాయ పంటితో ఒలిచి నమిలి, తమలపాకు తీగ కాయని సున్నంలో ముంచి కొరుకుతారు. ఆ తీగకి కాయ కాస్తుందని నాకు ఇక్కడే తెలిసింది, మనకి ఆకు తప్ప ఇంకోటి తెలీదు కదా. మా నాయనమ్మ రోజుకి పది కిళ్లీలు వేసేది, నాకు తెలుసులే అనుకుని సున్నం నాలిక మీదే పెట్టేసుకున్నా. ఆ ఆదివారం ప్రసంగం ఉపదేశి చెప్పాడు.

ఆ పెద్దాయన ఉత్తరం నన్ను నిజంగా తాకింది ఎక్కడంటే, తెల్లదొరలు అన్న చోట. నేనూ అలాగే అనేవాణ్ణి, వాళ్లకేంటి దొరలు అని. ఇప్పుడు లెక్కలు వేరేగా కనపడుతున్నాయి. ఫాదర్ హేయర్ అని అమెరికా లూథరన్ ఆయన గుంటూరులో 1842 జులై 31న దిగాడు, అప్పటికి ఆయన వయసు 49. నాకు 28కే నాలిక తిరగట్లేదు, 49 ఏళ్లకి తెలుగులో ళ ఎలా పలికాడో. 1846లో ఆనెసీ అనే ఊరి నుంచి, ఇప్పుడది ఫ్రాన్సులో ఉంది, మా కతోలిక ఫాదర్లు విశాఖపట్నం వచ్చారు. వాళ్ల మీద ఎన్ని విమర్శలున్నా ఉండనివ్వండి, దొరతనం నీడలో వచ్చారన్న మాట నేనూ కాదనను. కానీ మొదటి రెండు నెలలు వాళ్లలో ప్రతివాడూ మన ఊళ్లో ఎవరో ముసలమ్మ దగ్గర నీళ్లు అనే మాట నేర్చుకునే ఉంటాడు. ఆ ముసలమ్మల పేర్లు ఎక్కడా లేవు. పాఠం చెప్పింది వాళ్లు, పుస్తకాల్లో పేరు దొరది.

మనవాళ్లు బయటికెళ్లడం కూడా కొత్త కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి మొదటి ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరినప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందిని నాటాల్ చెరుకు తోటలకి కూలీలుగా తీసుకెళ్లారు, అందులో తెలుగోళ్లు వేలల్లో. వాళ్ల కోసం 1903లో నెల్లూరు నుంచి తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య అనే ఆయన్ని పంపారు. తెల్లవాళ్లు పంపలేదండి, మన సంఘాలే చందాలు వేసుకుని పంపాయి. ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్‌నీ టీ తోటల్లో తెలుగు సంఘం మొదలైంది. ఆయన బాప్టిస్టు నేను ఆర్సీఎం, మా వాళ్లు కొందరికి ఈ పోలిక నచ్చదు, అయినా రోజూ తల్చుకుంటాను. తల్చుకున్నప్పుడల్లా కొంచెం కుళ్లు కూడా, ఓడ దిగగానే ఆయనకి తెలుగు వినపడి ఉంటుంది. ఇక్కడ వాంటోక్ అని ఒక మాట ఉంది, ఒకే భాషవాళ్లు అని, వాంటోక్ ఉన్నోడికి ఇల్లు, తిండి, అప్పు, గొడవలో తోడు అన్నీ ఉన్నట్టే. మొదటి రోజు నుంచి అందరూ అడిగింది, ఫాదర్ నీ వాంటోకులు ఎవరు? ఎవరూ లేరు అంటే పాపం అన్నట్టు నాలిక చప్పరించేవాళ్లు. వేవాక్‌లో ఒక మలయాళీ సిస్టర్ ఉంది, ఆవిడకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరం ఇంగ్లీషులో పప్పు పోపు గురించి మాట్లాడుకుని వాంటోకులం అయిపోయాం.

ఇది రాస్తుంటే మిల్లు గుర్తొస్తోంది. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న పనిచేసే చోటికి పైరాష్ట్రాల నుంచి కూలీలు వచ్చేవాళ్లు, అందులో నా ఈడువాడే ఒక కుర్రాడు, ఎక్కడివాడో కూడా మేం సరిగ్గా కనుక్కోలేదు, హిందీవోడు అనేవాళ్లం, అందర్నీ భాయ్ అనే పిలిచేవాళ్లం. నీళ్లు అడగడానికి వాడు పానీ అంటే మా బ్యాచంతా పానీ పానీ అని వెక్కిరించేది, అందులో నేనూ ఉన్నాను, నేనే ముందున్నానేమో కూడా. రెండేళ్లున్నాడు వాడు. రెండేళ్లలో నీళ్లు అనే ఒక్క మాట మేం వాడికి నేర్పలేదు. పేరు అడగలేదు. ఇక్కడ పిల్లలు రోజూ సాయంత్రం నా వరండా ఎక్కి ఒక్కో వస్తువు చూపించి పేరు చెప్పి, నేను తప్పు పలికితే నవ్వి, మళ్లీ చెప్పి, మర్నాడు పరీక్ష పెడతారు. ఏడు వారాల్లో ఈ ఊళ్లో నా పేరు అడగని మనిషి లేడు. పెద్దాయన గారు ఉత్తరంలో అక్కడికెళ్లి ఏం నేర్పుతున్నారో అనడిగారు, నేర్పేది తర్వాత చూద్దాం సార్, ముందు ఇది చెప్పాలనిపించింది.

ఇంకొక్క ముచ్చట. టోక్ పిసిన్‌లో మనం, మేము వేరువేరుగా ఉన్నాయండి. మనం అంటే యుమి. మేము అంటే మిపెలా. ఇంగ్లీషువాడికి రెండూ ఒకటే. సంతోషంతో ఎగిరి గంతేశాను, ఇదొక్కటి నాకు ఎవరూ నేర్పక్కర్లేదని. గంతేసిన వారానికే తప్పు చేశాను. పూజలో పరలోక జపం నా అంతట నేను చెబుతానని మొదలుపెట్టి, పాపా బిలాంగ్ యుమి అన్నాను. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు, ఉపదేశి దగ్గాడు. పాపా బిలాంగ్ మిపెలా అనాలి. యుమి అంటే వినేవాణ్ణి కూడా కలుపుకున్నట్టు, అంటే దేవుడితోనే, దేవుడా నీకూ నాకూ తండ్రి అయిన వాడా అన్నట్టయింది. పూజయ్యాక కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది, మన తెలుగులో కూడా పరలోకమందున్న మా తండ్రీ అనే కదా అంటాం, మన తండ్రీ అని ఎప్పుడైనా అన్నామా? పుట్టినప్పటి నుంచి వల్లిస్తున్నాను, ఆ మా ఎందుకుందో సెపిక్ ఒడ్డున పదేళ్ల పిల్లలు నవ్వితే తెలిసింది.

అప్పట్నుంచి ఎవరు ఏది అంటున్నారో చెవి అక్కడే పెట్టుకుని వినడం మొదలెట్టాను. పొద్దున్నే పడవలెక్కి చేపలకో సక్‌సక్‌కో వెళ్లేటప్పుడు వరండాలో నిలబడ్డ నాకు చెయ్యి ఊపి, పాతెర్, మిపెలా గో అనేవాళ్లు. ఫాదర్, మేం వెళ్తున్నాం. రోజూ అదే. మర్యాదగానే అంటారు, నవ్వుతూనే అంటారు, మేం వెళ్తున్నాం. నేను అక్కడే నిలబడి పడవ మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి.

మొన్న శనివారం టీలో సుసు పోసే పెద్దావిడ, అదే నేను గ్లాసు మూసేసిన ఆవిడ, పడవ ఒడ్డుకి లాగి పట్టుకుని నా వైపు చూసి, పాతెర్, యుమి గో, అంది. నేను చెప్పులు వరండాలోనే వదిలేసి బురదలో దిగి వెళ్లాను. పడవలో కూర్చోగానే నీళ్లు తోడే డబ్బా నా చేతికిచ్చింది, పడవకి అడుగున చిల్లు ఉంది, దారి పొడుగునా తోడుతూనే ఉన్నాను.

ఇట్లు,
ఒక చిన్న ఫాదర్,
ఈస్ట్ సెపిక్, పాపువా న్యూ గినీ

(పేరు వెయ్యొద్దండి. వేసేటట్టయితే ఆవకాయ సంగతి తీసెయ్యండి, అమ్మకి ఇంకా చెప్పలేదు.)